లూర్దమ్మ పళ్లెం

తార్నాకలో మెట్రో దిగి యూనివర్సిటీ వైపు నడిస్తే, క్యాంపస్ ప్రహరీని ఆనుకుని ఇంకో ఎత్తైన గోడ కనిపిస్తుంది. దాని నీడన నిలబడి చాయ్ తాగే విద్యార్థులకు లోపల ఏముందో తెలియదు. లోపల కొద్దిమంది కన్యాస్త్రీలు ఉంటారు. ఒకసారి ఆ మఠంలోకి వెళ్లినవాళ్లు మళ్లీ బయటకు రారు. వాళ్ల సమాధులు కూడా లోపలి తోటలోనే. తెల్లవారకముందే కొయ్య చిడతల చప్పుడుకు లేవడం, రోజంతా జపాలు, మధ్యలో చర్చీల్లో పూజప్పుడు పంచే పల్చటి అప్పాలు కాల్చడం, భోజనమయ్యాక కాసేపు మాటలు... ఇదే వాళ్ల బతుకు. రాత్రి జపం కాగానే మహా మౌనం మొదలవుతుంది. తెల్లారేదాకా ఎవరూ పెదవి విప్పరు. ఒంట్లో బాగోకపోతే మాత్రం గోడ మీద తట్టాలి. పక్క గదిలో ఉన్నవాళ్లు లేచి రావాలి. అది నియమంలో ఉన్న మాటే.

లోకాన్నే వదులుకుని వచ్చినవాళ్లకు పదవి మీద ఆశ ఏముంటుందిలే అనుకుంటాం. సిస్టర్ శౌరీలమ్మను చూడనివాళ్లు అలా అనుకోవచ్చు. గుంటూరు వైపు నుంచి పడుచువయసులో వచ్చి, తల నెరిసేదాకా ఒక్క జపం తప్పని మనిషి. మఠానికి పెద్ద అయిన మదర్ ఇన్నాసమ్మ దిగిపోతే ఆ కుర్చీ తనదేనని ఎప్పుడో ఖాయం చేసుకుంది. తీరా ఎన్నిక దగ్గరపడేసరికి అందరి చూపూ సిస్టర్ లూర్దమ్మ మీద పడింది. లూర్దమ్మకు ఉబ్బసం. ఛాతీకి నీలగిరి తైలం రాసుకుని, ఆయాసపడుతూనే అందర్నీ నవ్విస్తుండేది. కూరలో కరివేపాకు ఏరి పళ్లెం అంచున వరసగా, ముచ్చటగా పేర్చేది. అది చూసినా శౌరీలమ్మకు ఒళ్లు మండేది.

వాన పడుతున్న ఒక రాత్రి గోడ మీద చప్పుడైంది.

టక్... టక్... టక్.

వరండాలో చివరి గది శౌరీలమ్మది. పక్కది లూర్దమ్మది. ఆ పక్కన మెట్లు. లూర్దమ్మ గోడ తడితే వినపడేది శౌరీలమ్మ ఒక్కదానికే. వినపడింది కూడా. శౌరీలమ్మ అటు తిరిగి పడుకుంది. ఇనప మంచం కిర్రుమంది. దుప్పటి తల మీదికి లాక్కుంది. చప్పుడు చాలాసేపు వచ్చి, ఆగిపోయింది.

పొద్దున చూసేసరికి లూర్దమ్మ గోడకు చెయ్యి ఆనించి అలాగే చల్లబడి ఉంది. "గాఢనిద్రలో ఉన్నాను మదర్, నాకేం వినపడలేదు," అంది శౌరీలమ్మ. ఒక్క జపం తప్పని మనిషి మాట, అందరూ నమ్మారు. లూర్దమ్మ మంచాన్ని జబ్బుమనుషుల గదికి చేర్పించి, ఖాళీ అయిన ఆమె గదికి సున్నం వేయించి తాళం పెట్టించింది కూడా శౌరీలమ్మే. ఆ మంచం కంటపడితే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

మఠంలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా పోతే నెల రోజులు భోజనాల బల్ల దగ్గర ఆమె చోట చిన్న కొయ్య సిలువ పెడతారు. అందరితోపాటు ఆమెకూ వడ్డిస్తారు. ఆ అన్నం సిస్టర్లు ఎవరూ తినకూడదు, పేదవాళ్లకు పంపాలి. లోపలివాళ్లు బయటివాళ్ల మొహం చూడరు కనుక, గోడలో గుండ్రంగా తిరిగే కొయ్య అలమర ఒకటి ఉంది. దాన్ని చక్రం అంటారు. పళ్లెం అందులో పెట్టి తిప్పితే అవతలికి పోతుంది. ఖాళీ పళ్లెం మళ్లీ అలాగే తిరిగొస్తుంది. క్యాంపస్ గేటు దగ్గర పడుకునే ముసలి పేరయ్య రోజూ మధ్యాహ్నం వచ్చి తినేటట్టు మదర్ ఏర్పాటు చేసింది. చక్రం తిప్పే పని శౌరీలమ్మది.

మొదట్లో ఏమీ లేదు. ఒకరోజు ఖాళీ పళ్లెం అంచున కరివేపాకు వరసగా పేర్చి ఉంది. ముసలాయనకూ అదే అలవాటేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఒకరోజు పళ్లెం తీస్తుంటే నీలగిరి తైలం వాసన గుప్పుమంది. పేరయ్యకు జలుబు చేసి ఉంటుందని సర్దిచెప్పుకుంది కానీ, ఆ పళ్లేన్ని రెండుసార్లు తోమింది.

నెల ముగిసే రోజు వచ్చింది. మర్నాడే ఎన్నిక. ఇక అడ్డు ఎవరూ లేరు. ఆ ఉదయం గేటు కాపలా కాసే సామేలు చక్రంలో కూరగాయలు పెట్టి, అవతలి నుంచి పలకరించాడు.

"అమ్మా, పేరయ్య కోసం జర ప్రార్థన చెయ్యిండ్రి. వారం దాటింది, దవాఖానలనే పడి ఉన్నడు."

శౌరీలమ్మ చేతిలో బీరకాయ చేతిలోనే ఉండిపోయింది. "వారమా? మరి మధ్యాహ్నం పళ్లెం ఎవరు తీసుకుంటున్నారు సామేలూ?"

"గీడికి ఎవ్వరొస్తలేరమ్మా. ఆయన కోసమే ఆ యాళ్లకు గేటు తీస్తుంటి. వారం సంది తాళమేసి బువ్వకు ఇంటికి పోతున్న. మీరు పళ్లెం పంపుడు బంద్ చేసిండ్రనుకున్న."

మదర్‌కు చెప్పాలి. చెబితే ఆ రాత్రి గోడ సంగతీ చెప్పాలి. అది చెబితే రేపటి కుర్చీ పోతుంది. శౌరీలమ్మ నోరు మూసుకుంది.

మధ్యాహ్నం పళ్లెం తీసుకుని చక్రం దగ్గరకు వెళ్లింది. అన్నం, పప్పు, బీరకాయ కూర. క్యాంపస్ వైపు ఎక్కడో నెమలి అరిచింది. దూరంగా విద్యార్థుల డప్పులు, నినాదాలు. పళ్లెం లోపల పెట్టి చక్రం మీద చెయ్యి వేసింది. ఉన్నట్టుండి బయటి చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

అవతల ఎవరో ఊపిరి తీస్తున్నారు. సన్నగా, ఈల వేసినట్టు...

"ఎవరక్కడ?" అంది గుసగుసగా.

టక్... టక్... టక్.

భయంతో చక్రం మీంచి చెయ్యి లాక్కుంది. ఆ భయంలోంచే కోపం తన్నుకొచ్చింది. బతికి ఉండగా కుర్చీకి అడ్డు తగిలింది, చచ్చాక కూడా వదలదా?

"ఇన్నాళ్లూ నా చేత్తోనే తిన్నావు," అంది పళ్లు కొరుకుతూ. "ఈ ఆఖరి పూట నీకు పెట్టను. ఆకలితో పో."

పళ్లెం వెనక్కి లాక్కుంది. అక్కడే నిలబడి గబగబా తినేసింది. ఆఖరి మెతుకు దాకా తిన్నది. కరివేపాకు కూడా నమిలి మింగింది. అవతల ఊపిరి ఆగిపోయింది. ఒక్క క్షణం ఆమెకు గెలిచినట్టే అనిపించింది.

"పేరయ్య తిన్నాడా?" అనడిగింది మదర్ ఇన్నాసమ్మ, బల్ల మీది సిలువ తీస్తూ.

"తిన్నాడు మదర్."

రాత్రి జపంలో శౌరీలమ్మ గొంతుకు ఏదో అడ్డం పడింది. దగ్గింది. పోలేదు. మహా మౌనం మొదలైంది. ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లి తలుపులు వేసుకున్నారు. వాన పట్టుకుంది. మెట్టుగూడ వైపు వెళ్తున్న మెట్రో రొద సన్నగిల్లి, వాన చప్పుడులో కలిసిపోయింది.

మంచం మీద వాలగానే ఛాతీ బిగుసుకుంది. గాలి లోపలికి పోవడం లేదు. పోయింది బయటకు రావడం లేదు. గదినిండా నీలగిరి తైలం వాసన. లేవబోయింది... కాళ్లు కదల్లేదు. కేక వేయబోయింది... గొంతులోంచి ఈల వచ్చింది.

చెయ్యి ఒక్కటే ఆడుతోంది. గోడ అందింది. అవతలిది ఖాళీ గది అని తెలుసు. అయినా తట్టింది. మెట్ల దగ్గర ఎవరైనా వింటారేమో...

టక్... టక్... టక్.

గోడ అవతల ఇనప మంచం కిర్రుమంది.

ఎవరో అటు తిరిగి పడుకున్నారు. దుప్పటి తల మీదికి లాక్కున్నారు.

ఆ గదిలో మంచం లేదు. తనే తీయించింది.

"లూర్దమ్మా... తప్పయిపోయింది... లే..."

మళ్లీ తట్టింది. మళ్లీ. వేళ్లు చల్లబడుతున్నాయి. చెయ్యి గోడకు ఆనించి అలాగే ఉంచింది. తీసే ఓపిక లేదు. తెల్లారడానికి ఇంకా చాలా ఉంది.

అవతల ఊపిరి వినిపిస్తోంది. ఈల లేదు, ఆయాసం లేదు. గుండెల నిండా గాలి పీల్చుకుని, హాయిగా, గాఢంగా నిద్రపోతున్న మనిషి ఊపిరి.