అమ్మ చేతికి కట్టిన వాచీ

“నస్రత్ నిద్రపోతోందండీ, నేను వాళ్లమ్మని!” కూతురి ఫోను మోగి మోగి విసిగిస్తుంటే ఎత్తింది మాబూబీ.

“యూనివర్సిటీ డాక్టర్‌ని మాట్లాడుతున్నానమ్మా. మీ అమ్మాయి రోజంతా బాగా నడుస్తోంది, సంతోషం... కానీ నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది. వెంటనే గుంటూరు తీసుకురండి!”

మాబూబీ గబగబా గదిలోకి తొంగిచూసింది. ఎండ నడినెత్తికొచ్చినా నస్రత్ ముసుగుతన్ని గుర్రుపెడుతోంది. మంచం కింద చిప్స్ కవర్లు, చీమలు పట్టిన నూడిల్స్ గిన్నె, ఉతకని బట్టల కంపు... ఛీ! సెలవులకొచ్చిన దగ్గర్నుంచి తెల్లవార్లూ ఫోను, పగలంతా పడక. ఇది నడవడమేమిటి!

“పొరపాటు పడ్డారేమో డాక్టరమ్మా! మా పిల్ల కంచం కాడికి కూడా నడవదే!”

“నిద్ర, నడక చూడ్డానికి పిల్లలందరికీ వాచీలిచ్చామమ్మా. అందులోని లెక్క మాకిక్కడ కనిపిస్తుంది. చేతికి ఉందా?”

మాబూబీ తన చేతివంక చూసుకుంది. నల్ల వాచీ! “నీకోసమే తెచ్చానమ్మా, అస్సలు తియ్యొద్దు” అని కూతురే ముద్దుగా కట్టింది. మిరప కల్లంలో అందరికీ ఎంత మురిపెంగా చూపించుకుందో! కాయలు తిరగేస్తూ, తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ పొద్దుగూకేదాకా తిరిగింది ఈ కాళ్లే! రాత్రిళ్లు ఊపిరాడక దగ్గుతూ లేచి కూర్చునేదీ తనే. కాయల ఘాటులే అని సరిపెట్టుకుంది.

“అమ్మా, నా ఫోనెందుకెత్తావ్?” నస్రత్ లేచి, వాచీ వంకే చూస్తున్న తల్లి ముఖం చూసి తడబడింది. “అది... బాగా నడిస్తే మార్కులిస్తామన్నారు... నువ్వెలాగూ నడుస్తావు కదా!”

“థూ! వండిపెట్టేదీ నేనే, నీ బదులు నడిచేదీ నేనేనా! సిగ్గులేదటే? ప్రేమగా తెచ్చావనుకున్నానే... స్నానానికి కూడా తీయలేదే!” మాబూబీ భోరుమంది.

ఫోనులో డాక్టరమ్మ కంగారుగా, బయటికి వినిపించేంత గట్టిగా అంది. “అయ్యో, అయితే నిద్రలో ఊపిరి ఆగుతున్నది మీకేనమ్మా! ఆలస్యం చేయకండి!”

నస్రత్‌కి అమ్మ దగ్గు విసుగనిపించి చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకున్న రాత్రులు గుర్తొచ్చి, తనమీద తనకే రోత పుట్టింది! “అమ్మా... నేను తీసుకెళ్తానే...” అంటూ చేయి పట్టుకోబోయింది.

మాబూబీ విదిలించుకుంది. వాచీ విప్పబోయి ఆగింది. “ఉండనీ, డాక్టరమ్మ చూడాలిగా. ముందు నువ్వు ఆ మొహం కడుక్కో. కంపు కొడుతున్నావ్!”

నస్రత్ ఏడుస్తూనే నాలుగు నీళ్లు చల్లుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఆటో కోసం పెద్ద రోడ్డుదాకా పరుగెత్తింది. సెలవులకొచ్చాక ఆ పిల్ల గడప దాటడం అదే మొదటిసారి.