ఆరో గదిలో కుప్ప

చిలకలూరిపేట హైవే మీద, మా ప్రత్తిపాడు వైపు తిరిగే రోడ్డుకి కాస్త ఇవతల, ఒక పాత మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. పగలు దాని నీడలో లారీ ఆపి కునుకు తీసేవాళ్లు కూడా, పొద్దుగూకితే అక్కడ బ్రేకు మీద కాలు పెట్టరు.

ఎందుకంటే... లోపల చప్పుడు వస్తుందట.

టిక్... టిక్... టిక్... అని. ఎండు మిరపకాయకి తొడిమ విరిస్తే వచ్చే చప్పుడు.

అది మూతపడి పదేళ్లు. లోపల ఒక్క బస్తా మిర్చి లేదు. మరి తొడిమలు తీసేదెవరు? వాచ్‌మన్లు ముగ్గురు మారారు. మూడోవాడు నెల జీతం కూడా అడక్కుండా వెళ్లిపోయాడు. అది విన్నాకే నాకు నమ్మకం కుదిరింది. జీతం వదులుకుని పోయినవాడు అబద్ధం చెప్పడు కదా.

అలాంటి చోటు కొని, ఎవరో మహానుభావుడు పార్కు కట్టాడు. జెయింట్ వీలు, నీళ్ల జారుడుబండలు, ప్లాస్టిక్ ఏనుగు... అన్నీ పెట్టాడు. కోల్డ్ స్టోరేజీని మాత్రం పడగొట్టకుండా, నల్లరంగు కొట్టించి 'భయాల బంగళా' అని బోర్డు తగిలించాడు. అది పగలు తెరవరు. శనివారం రాత్రి, జనమంతా వెళ్లిపోయాక, నైట్ స్పెషల్. పగటి టికెట్టు కాక ఇంకో టికెట్టు కొనాలి. ఆ రెండో టికెట్టు ధర, మిర్చి తొడిమలు తీసే మనిషికి సరిగ్గా ఒక రోజు కూలి.

నా పేరు సాల్మన్. ఆటో నడుపుతాను. రెబెకా అక్క ముఠాని, అంటే ఆవిడా ఇంకో ఆరుగురు ఆడవాళ్లూ, సీజనంతా తొడిమల పనికి దింపేది నేనే. బంగళాలో జరిగింది అక్క చెప్పగా విన్నాను. తర్వాత జరిగింది మాత్రం... నా ఆటోలోనే జరిగింది.

సీజను చివరి రోజున అక్క ఆ పార్కు కాగితం పట్టుకొచ్చింది.

"ఒక రోజు కూలి పోసి దెయ్యాన్ని చూడాలా?" అంది ఆదెమ్మ. "అద్దం ముందు నిలబడితే ఊరికే కనపడుద్ది."

అందరూ ఘొల్లుమన్నారు. అక్కకి ఎక్కడో కాలింది.

"రండే, చూద్దాం. డబ్బులకి సరిపోలేదని ఒక్క మనిషి అన్నా సరే, అందరి టికెట్లూ నేను కట్టుకుంటా. వచ్చే సీజనుకి ముఠా కూడా నువ్వే నడుపుకో ఆదెమ్మా."

ఆ మాట కోసమే నాలుగేళ్లుగా కాచుక్కూర్చున్న మనిషి ఆదెమ్మ. "సాల్మన్ సాక్షి" అంది వెంటనే. నన్నెందుకు ఇరికిస్తారో నాకర్థం కాదు.

శనివారం రాత్రి నా ఏడు సీట్ల ఆటోలో వాళ్లని గేటు దగ్గర దింపాను. నాకు టికెట్టు లేదు. బయటే కూర్చున్నాను.

మొదటినుంచీ అక్కకి కలిసిరాలేదు. జెయింట్ వీలు సగం తిరిగి ఆగింది. టికెట్టుతోపాటు ఇచ్చిన బిర్యానీలో ముక్క కోసం చెంచమ్మ ఫోను లైటు వేసి వెతికింది. ఆదెమ్మ ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. ఇక మిగిలింది బంగళా ఒక్కటే. అక్క లోపల్లోపల ప్రార్థన చేసుకుందట, "ప్రభువా, వీళ్లు కొంచెమైనా భయపడేలా చెయ్యి" అని. దేవుణ్ణి దెయ్యాల కోసం వేడుకున్న మనిషిని నేను ఆవిణ్ణే చూశాను.

మొదటి గదిలో అస్థిపంజరం ఊగుతూ వచ్చింది. "పాపం, తిండి లేదు" అంది చెంచమ్మ.

రెండో గదిలో రక్తం కారే గోడ. ఫెబా, అక్క తమ్ముడి కూతురు, వేలితో రాసి చూసింది. "నెరోలాక్కో ఏదో గానీ మంచి రంగే అత్తా, మనింటి తలుపులకి బాగుంటది."

మూడో గదిలో నిజంగానే ఒక మనిషి దెయ్యం వేషంలో చీకట్లోంచి ఎగిరి పడ్డాడు. మాలకొండయ్య అని, కనిగిరి వైపు నాటకాలాడే మనిషి. గొంతు చించుకుని అరిచాడు. అరిచి దగ్గాడు.

"ఏవయ్యా, అన్నం తిన్నావా?" అంది ఆదెమ్మ.

ఆయన చేతులు జోడించాడు. "అమ్మా... కొంచెం భయపడండమ్మా. మేనేజరు కెమెరాలో చూస్తున్నాడు."

ఏడుగురూ ఆయన మొహం చూసి మొహమాటానికి కెవ్వుమన్నారు. ఆ కెవ్వులో సగం నవ్వే. బయట కూర్చున్న నాకు కూడా వినపడింది.

నాలుగో గది, ఐదో గది అలాగే అయ్యాయి. "ఇక చాలు. ముఠా నాదే" అంది ఆదెమ్మ.  పదకొండేళ్లుగా అక్క చేర్చి, అక్క నిలబెట్టిన ముఠా. ఒక్క బడాయి మాటకి చేజారిపోతోంది.

అప్పుడు... పక్కనున్న తలుపు సందులోంచి...

టిక్... టిక్... టిక్...

తోశారు. తెరుచుకుంది.

చిన్న గది. పైన ఎక్కడో గుడ్డి దీపం. నేల మీద, నడుము ఎత్తున మిరపకాయల కుప్ప. దాని ముందు తెల్లచీర కట్టుకున్న ముసలావిడ ఒకతె, తల వంచుకుని తొడిమలు తీస్తోంది. తలెత్తలేదు. అరవలేదు. మీదకి ఎగరలేదు.

"ఈవిడ నయం" అని గుసగుసలాడింది చెంచమ్మ. "చేతివాటం చూడండే. మన పనే."

"అమ్మా, ఒక్కదానివే ఉన్నావే. మిగతా వాళ్లేరి?" అనడిగింది అక్క.

ముసలావిడ చెయ్యి ఆగలేదు. "లేచి వెళ్లిపోయారు..." అంది, నేలకే చెబుతున్నట్టు. "నా కుప్ప అవలేదు."

అంతే. ఏడుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ముఠాలో ఒక పద్ధతి ఉంది. ముందు అయిపోయినవాళ్లు వెనకబడ్డ మనిషి కుప్ప మీద తలో చెయ్యీ వేస్తారు. ఒక్కదాన్ని కుప్ప ముందు వదిలేసి ముఠా లేవకూడదు. ఎవరికి ఒంట్లో బాగుండకపోయినా, ఎవరి బిడ్డ ఏడ్చినా, అలాగే గడుస్తుంది. టికెట్టు కొనుక్కుని వచ్చామని, ఇది ఆటేనని, పక్కన బిర్యానీ పొట్లాలున్నాయని అన్నీ మర్చిపోయి ఏడుగురూ కొంగులు దోపి కూర్చున్నారు.

ఆదెమ్మ కూడా కూర్చుంది. అందరికంటే ముందు ఆవిడే కూర్చుందట. అక్క ఆ సంగతి ఇప్పటికీ చెప్పి మెచ్చుకుంటుంది.

టిక్ టిక్ టిక్ టిక్... గది నిండిపోయింది.

"ఇంత కుప్ప ఉన్నా ముక్కుకి ఎక్కట్లేదేంటే?" అంది చెంచమ్మ. "కాస్త ఘాటన్నా లేదు."

"రంగేసిన కాయలే" అంది ఆదెమ్మ. "ఈ పార్కోడు ఈ రేటుకి అసలు మిర్చి పెడతాడా?"

అరగంటలో కుప్ప కరిగింది. ముసలావిడ ఖాళీ నేలని చేత్తో తడిమి చూసుకుంది. ఒళ్లో తొడిమలు దులుపుకుని, మెల్లగా లేచింది.

వీళ్లు బయటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాలకొండయ్య మొహం రంగు తుడుచుకుంటున్నాడు.

"ఆరో గదిలో పెద్దావిడకి పనైపోయింది. ఇంటికి పంపించండయ్యా, పాపం, ఈ వయసులో" అంది అక్క.

ఆయన చెయ్యి గడ్డం మీదే ఆగింది.

"ఆరో గదేంటమ్మా... ఉన్నవి ఐదే. ఆ తర్వాత అంతా గోడ."

నవ్వారు. ఆయన నవ్వలేదు. కోరల సెట్టు అక్కడే పారేసి, దెయ్యం గౌనుతోనే గేటు వైపు పరిగెత్తాడు. ఆ వేషంలో నా ఆటో ముందునుంచి పోతుంటే, ఆ రాత్రి మొదట నిజంగా కెవ్వుమన్నది నేనే.

వెనకాలే వీళ్లు వచ్చి పడ్డారు. "పోనీరా! పోనీరా సాల్మన్!"

ఆదెమ్మ నా పక్కన ముందు సీట్లో కూలబడింది. మిగతా వాళ్లు వెనక ఎక్కారు. "జరగండే కొంచెం, ఇరుకైపోతోంది" అని ఫెబా సణుగుడు. "వచ్చినవాళ్లమేగా, ఇరుకేంటి?" అని చెంచమ్మ.

రెండు కిలోమీటర్లు దాటాం. తర్వాత, మెల్లగా, అక్క గొంతు విచ్చుకుంది. ఆవిడకి సంతోషం పొంగుకొస్తోంది, ఆపుకోలేకపోతోంది.

"ఇప్పుడు చెప్పండే... భయపడ్డారా లేదా? డబ్బులకి సరిపోయిందా లేదా? ఫెబా?"

"సరిపోయిందత్తా."

"చెంచమ్మా?"

"ఇంకో రోజు కూలి కూడా ఇస్తా, ఇంటికి చేర్చండి చాలు."

మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఆదెమ్మ.

నా పక్కన బిగుసుకుపోయి కూర్చుంది. పెదాలు బిగించింది. ఒక్క మాట... ఒక్క మాట అంటే నాలుగేళ్ల ఆశ పోతుంది.

"చెప్పు ఆదెమ్మా" అంది అక్క. ఆ గొంతులో బతిమాలుడు నాకు స్పష్టంగా వినపడింది. "నీ మాట మీదే ఉంది. సరిపోయిందా?"

ఇంజను చప్పుడు. గాలి.

వెనక సీట్లోంచి, అలిసిన గొంతు ఒకటి...

"సరిపోయిందమ్మా... నా కుప్ప అయిపోయింది."

"స్తోత్రం!" అని అక్క చప్పట్లు కొట్టింది. "విన్నారా? ఆదెమ్మ ఒప్పుకుంది!"

ఆదెమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఐసుముక్కలా ఉంది.

"సాల్మన్..." అంది గుసగుసగా. "నేనింకా నోరు తెరవలేదు."

అప్పుడొచ్చింది ఘాటు. ఎర్రటి, కొత్త మిర్చి ఘాటు, ముక్కు పుటాలు పేలిపోయేంత. నేను తుమ్మాను. వెనక అందరూ తుమ్మారు. ఏళ్ల తరబడి మిర్చిలో బతికి తుమ్మడమే మర్చిపోయిన ఆడవాళ్లు, కళ్లనీళ్లు పెట్టుకుని తుమ్మారు. ఆటో రోడ్డు మీద అటూ ఇటూ పోతోంది. ఆదెమ్మ నా చెయ్యి వదలకుండా, పొలాలన్నీ దద్దరిల్లేలా అరిచింది.

"సరిపోయింది! సరిపోయిందే రెబెకా! ముఠా నీదే!"

ప్రత్తిపాడు పొలిమేర దగ్గర, ఎవరూ ఆపమనకుండానే, నేను ఆపకుండానే, ఆటో ఒక మనిషి బరువంత తేలికైంది.