పడమటి గదిలో తరిగిన నీళ్ళు

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా, నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే రాలి ఈ తమలపాకుల పళ్ళెంలో పడాలి. చూడు, పడలేదు. అంటే అంతా నిజమే. వాన వెలిసేదాకా నువ్వెలాగూ కదలలేవు, కాస్త ఇటు జరిగి కూర్చో. మా అమ్మాయి పుష్పజ, "మా అమ్మ నోట్లోకి చీమ వెళితే ఏనుగై బయటికొస్తుంది" అని ఊరంతా చెప్తుంది. దాని మాట పట్టించుకోకు. నేను ఏనుగును ఏనుగనే చెప్తాను. కాకపోతే కాస్త బలిసిన ఏనుగు.

తలశ్శేరిలో సముద్రానికి మా ఇల్లు ఎంత దగ్గరంటే, కర్కాటక మాసంలో అల లేచిందంటే చేపలు వాటంతటవే వచ్చి మా కూరలో దూకుతాయి. అలాంటి ఇంటికి డబ్బు పోసి చేపలు కొనుక్కొచ్చినవాడు మా అల్లుడు ఉత్తమన్. మస్కట్‌లో ఏళ్ళ తరబడి ఏసీలు బాగుచేసి, పోయినేడు ఇంటికొచ్చేశాడు. వచ్చి ఉప్పునీళ్ళ గాజు తొట్టి కట్టించాడు. మామూలు తొట్టి కాదు, అందులో గేదెను నిలబెట్టి తోమొచ్చు. నారింజరంగు మీద తెల్ల చారలున్న చేపల జంట ఒకటి, అవి దాక్కోడానికి ఊగే పగడాలు, వాటికి దీపాలు, మోటార్లు. పెళ్ళిలో కూడా ఉత్తమన్ అంత మురిసిపోలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మస్కట్ నుంచి వచ్చాక అతను ఎవరితోనూ సరిగా మాట్లాడేవాడు కాదు. ఆ తొట్టి ముందు కూర్చున్నప్పుడే మొహంలో మనిషి కనిపించేవాడు. పాత యజమాని రమ్మని ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. "ఇది కూడా నా చేతిలో నిలవకపోతే ఇంక ఇక్కడ నాకేం పని, పోతాను" అన్నాడొకసారి. ఆ రోజు నుంచి పుష్పజ దేవుడి పటానికి పెట్టే దండం ఆ తొట్టికి పెట్టడం మొదలెట్టింది. తొట్టి ఉంటే మొగుడుంటాడు. అది పోతే ఆయనా పోతాడు.

వెలుతురు తగిలితే గాజుకు పాచి పడుతుందట. ఎండ చొరని చోటు కోసం ఇల్లంతా వెతికి ఉత్తమన్ పడమటి గదిలో పెట్టించాడు తొట్టిని. మా ఇళ్ళలో పడమటి గది పోయినవాళ్ళది. కర్కాటక అమావాస్యకి కోడికూర, చేపల వేపుడు, కల్లు, లేత కొబ్బరిబొండం అక్కడ పీట మీద పెట్టి తలుపు మూసేస్తాం. వాళ్ళు తిన్నాక తెరిచి మిగిలింది మనం తింటాం. ఈసారి పీటకి చోటే లేదు. పైగా సాంబ్రాణి పొగ నీళ్ళలో కలిస్తే పగడాలు చస్తాయని ఉత్తమన్ బతిమాలాడు.

"పోనీలే అమ్మా, ఒక్కసారికి సామాన్ల గదిలో పెడదాం. పోయినవాళ్ళకి దారి తెలీదా ఏంటి" అంది పుష్పజ.

సామాన్ల గదిలోనే పెట్టాం. తలుపు తెరిచి చూస్తే చేపముక్క మీద ఈగ కూడా వాలలేదు. మర్నాటి పొద్దున తొట్టిలో నీళ్ళు బెత్తెడు తగ్గాయి.

అక్కణ్ణుంచి మొదలైంది మా పీడ.

ఉత్తమన్ తొట్టి కింద వార్తాపత్రికలు పరిచాడు. పొద్దున చూస్తే అవి ఎంత పొడిగా ఉన్నాయంటే, నేను సినిమా పేజీ తీసుకుని చదువుకున్నాను. గొట్టాల అతుకులకు మెత్తటి కాగితం చుట్టాడు. తడవలేదు. మోటారు విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. గాజుకు టేపు ముక్క అంటించి నీటి గుర్తు పెట్టాడు. తెల్లారేసరికి టేపు పైన, నీళ్ళు కింద.

"ఆవిరైపోతున్నాయేమో నాయనా" అన్నాను.

"ఆవిరైతే ఉప్పు మిగిలిపోయి నీళ్ళు ఇంకా ఉప్పగా అవ్వాలమ్మా. కొలిచి చూశాను, ఉప్పు ఎంతుండాలో అంతే ఉంది. ఉప్పుతో సహా ఎటో పోతున్నాయి."

"ఎటు?"

"అది తెలిస్తే మీకు చెప్పకుండా దాచుకుంటానా?"

తొట్టి కట్టిన మొయ్‌దుని పిలిపించాం. అతను టార్చి పట్టుకుని దానికింద దూరి, అరగంట తర్వాత నెత్తినిండా బూజుతో బయటికొచ్చాడు.

"ఉప్పునీళ్ళు కారిన చోట ఆరాక తెల్లగా పూత కడుతుంది ఉత్తమేట్టా. దొంగ కాలిముద్ర లాంటిది, తప్పించుకోలేదు. ఇక్కడ పూతే లేదు. నీ తొట్టి కారట్లేదు."

"మరి నీళ్ళేవిరా?"

"మీ అత్తగారిని అడుగు. మామిడికాయలు ఉప్పునీళ్ళలోనే ఊరబెడుతుంది కదా."

నేను మొయ్‌దుని తిట్టిన తిట్లకి ఎదురింటి కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయి. అయినా ఉత్తమన్ నా ఊరగాయ జాడీ మూత తీసి చూశాడనుకో. మూల అతుకు మీద అనుమానంతో చేపల్ని డ్రమ్ములోకి మార్చి, తొట్టి ఖాళీచేసి, పాత సిలికాన్ జిగురు గీకి కొత్తది పూశారు. అది ఆరేదాకా ఇల్లంతా పుల్లటి వాసన. నేను అన్నం తిన్నా సిలికానే, మజ్జిగ తాగినా సిలికానే. మళ్ళీ సముద్రం నుంచి క్యాన్లలో నీళ్ళు మోసి నింపారు. మర్నాడు చూస్తే ఈసారి మూరెడు తగ్గాయి.

ఉత్తమన్ స్క్రూడ్రైవరు కింద పెట్టి, ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు. అతను అరబ్బీలో మాట్లాడుతుంటే పుష్పజ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. దాని మొహం చూశాక, ఈ నీళ్ళ దొంగ ఎవడో నేనే తేల్చాలనుకున్నాను.

ఆ మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం మళ్ళీ సముద్రపు నీళ్ళకి పోయారు. నేను పడమటి గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతిలో చీపురు. నాకు భయమంటే తెలీదు, చిన్నప్పుడు సొరచేపను చెప్పుతో కొట్టినదాన్ని. కాసేపటికి ఆకాశం పేడ అలికినట్టు నల్లబడి వాన మొదలైంది. కరెంటు పోయింది. మోటారు ఆగింది. తొట్టిలో దీపాలు ఆరిపోయాయి.

ఆ మోటారు రొదకి అలవాటు పడ్డానేమో, అది ఆగగానే చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టయింది. వాన కూడా ఎక్కడో దూరంగా, వేరే ఊళ్ళో కురుస్తున్నట్టుంది. గదిలో చీకటి మెల్లగా చిక్కబడింది. ముందు తొట్టి కాళ్ళు కనబడకుండా పోయాయి, తర్వాత గోడ, తర్వాత నా చేతిలో చీపురు.

అప్పుడు వాసన వచ్చింది. సిలికాన్ కాదు. సొరచేప నూనె. ఆ వాసన మా ఇంట్లో రాక యుగాలైంది. పూర్వం చెక్క ఓడలకు పుయ్యడానికి మా పెద్దన్న కణారన్, నేను ఏట్టా అని పిలిచే అన్న, కుండలకొద్దీ కాచేవాడు. ఆయన ఒంటికి ఎప్పుడూ అదే వాసన. బస్రా నుంచి ఖర్జూరం తెస్తున్న ఓడతోపాటు పోయాడు. ఓడ మునిగింది, ఆయన మునగలేదు. చెక్క పట్టుకుని తేలాడు. బతికొచ్చినవాడు చెప్పాడు... కణారన్ నీళ్ళు నీళ్ళు అని అరిచి అరిచి, చివరికి సముద్రాన్నే దోసిట్లోకి తీసుకున్నాడట. తాగేకొద్దీ దాహం. దాహంకొద్దీ తాగడం.

ఇవన్నీ నాకు గుర్తొస్తుండగా...

గుటక.

పిల్లి అనుకున్నాను. పిల్లి గుటక అంత పెద్దగా ఉండదు.

మళ్ళీ. గుటక... గుటక...

వాకిలి సందులోంచి పడే కొంచెం వెలుగు నీళ్ళ మీద సన్నగా, గీతలా మెరుస్తోంది. ఒక్కో గుటకకీ ఆ గీత కిందికి దిగుతోంది. చేపలు రెండూ అడుగున ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. చీపురు ఎత్తబోయి ఒళ్ళో పెట్టేసుకున్నాను.

"ఏట్టా..." అన్నాను.

గుటక ఆగింది.

"కణారేట్టా... అవి ఉప్పునీళ్ళు. తాగకు."

నా చెవి పక్కనే, తడిగా...

"తెలుసు. ఇక్కడ ఇంకేం పెట్టారు?"

ఆ తర్వాత నేను కేక పెట్టానంటారు, ఆ కేకకి రైల్వేస్టేషన్లో బండి ఆగిందంటారు. నాకు తెలీదు. ఉత్తమన్, పుష్పజ టార్చితో వచ్చేసరికి నేను కుర్చీలోనే ఉన్నాను. ఉత్తమన్ టార్చిని తొట్టి పైఅంచు మీదికి తిప్పాడు. మొయ్‌దు తొట్టి కింద దూరి వెతికిన తెల్ల పూత అక్కడుంది, పైన, అంచు మీద. అర్ధచంద్రాకారంలో ఒకటి, పక్కన ఇంకొకటి, ఆ పక్కన... అంచు పొడుగునా.

"ఇవేంటమ్మా?" అంది పుష్పజ గుసగుసగా.

"పెదవులు" అన్నాడు ఉత్తమన్.

ఇంక ఆలస్యం చెయ్యలేదు. తొట్టిని గోడవారకి జరిపి పీటకి చోటు చేశాం. బావిలోంచి తోడిన నీళ్ళు కొత్త కుండలో పోశాం. పక్కింటి చెట్టుకున్న బొండాలన్నీ దింపించాం, చెట్టు సిగ్గుతో వంగిపోయింది. అన్నీ పెట్టి తలుపు మూశాం. తెరిచి చూస్తే కుండ పొడి. బొండాలకు కత్తి తగల్లేదు, కన్నం లేదు. చేతిలోకి తీసుకుంటే పిచ్చుక గూడంత తేలిక.

తొట్టిలో నీళ్ళు టేపు దగ్గరే నిలిచాయి. మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. ఉత్తమన్ మస్కట్‌కి ఫోను చేసి రానని చెప్పేశాడు. ఆ రోజు పుష్పజ వండిన బిర్యానీ ఊళ్ళో సగం మంది తిన్నారు, మిగతా సగం వాసనతో కడుపు నింపుకున్నారు. కథ అక్కడ ఆపేస్తే నాకూ బాగానే ఉండేది.

వారం తిరక్కుండా నీళ్ళు టేపు దాటాయి. పైకి.

ఎవరూ పొయ్యలేదు. పైకప్పు కారట్లేదు, మొయ్‌దు పెంకు పెంకు తట్టి చూశాడు. ఉత్తమన్ కొలిచాడు, ఉప్పు ఉన్నంతే ఉంది. కాబట్టి వాన కాదు. చేపలు సుఖంగా ఉన్నాయి, పగడాలు విరగబూశాయి. ఒక చెంబు తీసేస్తే రెండు చెంబులు వస్తున్నాయి. ఇప్పుడు అంచు మీంచి పొర్లుతున్నాయి. ఉత్తమన్ పగలంతా తోడుతున్నాడు, పుష్పజ పారబోస్తోంది. మస్కట్ మాట అటుంచు, సంతకి పోవడానికే అతనికి తీరిక లేదు. అల్లుడు ఇల్లు కదలకూడదని మొక్కుకున్నాం కదా, కదలట్లేదు.

మా అన్నకి దాహం తీరింది. మంచినీళ్ళు దొరికాయి. ఇంక కడుపులో ఉన్న ఉప్పునీళ్ళు ఆయనకి అక్కర్లేదు, తిరిగిచ్చేస్తున్నాడు. ఓడ మునిగినప్పటి నుంచీ ఎంత సముద్రం తాగాడో, అదెప్పటికి అయిపోతుందో, నేను లెక్క కట్టదలచుకోలేదు.

వాన కాస్త తగ్గినట్టుంది. వాళ్ళిద్దరూ అలిసి పడుకున్నారు, నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఆ పడమటి గదిలోకి వెళ్ళి, తొట్టి కింద పెట్టిన బకెట్టు ఈపాటికి నిండి ఉంటుంది, అది తెచ్చి కొబ్బరిపాదులో వంపు నాయనా. నీళ్ళు ఒంటి వేడిగా ఉంటాయి. కంగారుపడి ఒలకబొయ్యకు.