కత్తిరించని గుడ్డ

"ఏంటండీ ఇది?" కళ్ళద్దాల షాపు అబ్బాయి, బిగించమని ఇచ్చిన తన పాత చొక్కా తిరగేసి కుట్టుమిషను మీద పరిచాడు. "లోపల రెండు పక్కలా ఇంతింత గుడ్డ వదిలేశారు! కత్తిరించమన్నానా, లేదా?"

దర్జీ అమ్మాయి పళ్ళ మధ్య పట్టుకున్న గుండుసూది తీసి పక్కన పెట్టింది. "అన్నారు."

"అంటే నేను మళ్ళీ లావైపోతానని ముందే తీర్మానించేశారన్నమాట!"

అతనికి ఒళ్ళు మండిపోయింది. డబ్బాలో అమ్మే పొడి నీళ్ళలో కలుపుకుని తాగి, తిండి వాసనకే గుటకలు మింగుతూ సన్నబడ్డాడు. ఇంట్లో అక్క 'గుమ్మటం' అని పిలవడం మానేసింది. ఎదురు షాపులోని ఈ అమ్మాయి ఒక్కసారి తనను తేరిపార చూడాలనే కదా అంత కడుపు మాడ్చుకున్నది! ఆమె చూసింది. చేతిలో టేపు పట్టుకుని.

"బిగించాక మిగిలిన గుడ్డ నేనెవరి బట్టల్లోనూ కత్తిరించనండీ."

"నేను అందరిలాంటివాణ్ణి కాదు."

"మా నాన్నా అదే అన్నాడు!" ఆమె గొంతు లేచింది. "ఆ పొడే తాగి సగం మనిషయ్యాడు. మిగిలిన గుడ్డంతా నాచేతే కత్తిరింపించాడు. పొడి మానగానే ఒళ్ళు తిరిగొచ్చింది. ఒక్క చొక్కా పట్టలేదు. సిగ్గుతో గుమ్మం దాటలేదు. బరువు పెరిగితే మనిషి దాక్కోవాలా? పొడి అమ్మినవాడు మాత్రం దర్జాగా తిరుగుతున్నాడు!"

బయట వాన మొదలైంది. అతని కోపం మెల్లగా దారి మార్చుకుంది.

"ఇప్పుడెలా ఉన్నారు?"

"కూరలతో కడుపునిండా తింటాడు, రోజూ నాతో నడుస్తాడు. తగ్గింది కొంచెమే. కానీ ఏళ్ళుగా మళ్ళీ పెరగలేదు."

"నాకు రోజూ కళ్ళు తిరుగుతున్నాయండీ," అన్నాడతను చిన్నగా. "నిన్న ఒక పెద్దావిడకి వాళ్ళాయన కళ్ళజోడు పెట్టి పంపించేశాను."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే మళ్ళీ కోపమొచ్చింది. "ఎవరికోసం ఈ పిచ్చి?"

"చెబితే కోప్పడతారు."

"ఎలాగూ కోపంలోనే ఉన్నాను. చెప్పండి."

"మీకోసమే."

"నన్నడిగి మొదలెట్టారా?" ఆమె మొహం ఎర్రబడింది. "కళ్ళజోడు ఊది, తుడిచి, జాగ్రత్తగా ముసలాళ్ళ ముక్కు మీద పెట్టేవారు. ఇక్కణ్ణించి రోజూ అదే చూసేదాన్ని. ఈమధ్య ఎప్పుడు చూసినా గోడకానుకుని ఉంటున్నారు. ఏమైపోతారోనని ఎంత హడలిపోయానో తెలుసా!"

అతను తిరగేసిన చొక్కాని మెల్లగా సరిచేసి మడతపెట్టాడు.

వెనక గదిలోంచి ఆమె తండ్రి వచ్చాడు. అంతా విన్నట్టే ఉంది. "ముందు ఏదైనా తినవయ్యా. ఖాళీ కడుపుతో మా అమ్మాయితో వాదనకి దిగకూడదు. నేను దిగి చెడ్డాను. తిన్నాక నడకకొద్దువుగాని."

మూలనున్న గొడుగులు తీశాడు. "ఉన్నవి రెండే. నాది మాత్రం నేనెవరికీ ఇవ్వను."

రెండోది కూతురి చేతిలో పెట్టి, వాన జోరు చూడ్డానికి వాకిట్లోకి నడిచాడు.