మునెయ్య గారి తిండి పుస్తకం

ఆ ఇంట్లో మొదటి రోజే నాకు చీవాట్లు పడ్డాయి.

"తిన్నది పైకి చెప్తే దిష్టి తగలదా? బుద్ధుందా అబ్బయ్యా నీకు?" అని మునెయ్య గారు కసిరాడు.

ఆయన మైపాడులో రెండు పడవల ఆసామి. షుగర్ మూలాన కాలి పుండు నెల రోజులుగా మానడం లేదు. మద్రాసు నుంచి నెలకోసారి వచ్చే డైటీషియన్ ప్రేమలీల గారిని కలవమని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఆవిడ దగ్గరికి వెళ్లేముందు పదిహేను రోజుల తిండీ, నడకా పుస్తకంలో రాయాలట. ఆ ఇంట్లో ఎవరికీ రాత రాదు. అందుకని చేపల సొసైటీకి కొత్తగా వచ్చిన గుమాస్తానైన నన్ను ఆయన కూతురు నాగులమ్మ పిలిచింది.

పిలిచింది ఆమె కాబట్టే వెళ్లాను. లేకపోతే నాకేం పని?

"పడవ కాడ ఏం తింటాడో నాకు తెలీదు. మీరే ఎట్టన్నా రాబట్టండి గుమాస్తా గారూ," అంది.

ఆయన రాబట్టనిస్తేగా! రెండో రోజే నన్ను వాకిట్లోకి లాక్కుపోయి బేరం పెట్టాడు.

"కాయితం నిండితే చాలు గదా? నీ తిండి రాసుకో, నీ నడక రాసుకో. నా జోలికి రాబాక."

తప్పని తెలుసు. కాదంటే రేపటి నుంచి ఆ గడప తొక్కనివ్వడు. ఒప్పుకున్నాను.

ఇక రోజూ సాయంత్రం నాగులమ్మ పళ్లెం పెట్టేది. రొయ్యల వేపుడు, మామిడికాయ వేసిన చేపల పులుసు. తినడం, రాయడం.

"నవ్వుతా రాస్తుండారేంది?"

"నీ పులుసు గురించి రాస్తుండా."

"డైటమ్మకి నా పులుసు సంగతెందుకు? నాయన తిన్నది రాయండి!"

ఒక వానసాయంత్రం తడిసిన జడతోనే వచ్చి పుస్తకం మీదికి వంగింది. రెండు చుక్కలు అక్షరాల మీద పడ్డాయి.

"ఈ గీతలే నాయన్ని కాపాడాల," అంది మెల్లగా. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

పదిహేను రోజులయ్యాక ముగ్గురం నెల్లూరు వెళ్లాం. ప్రేమలీల గారు పుస్తకమంతా చదివి కళ్లజోడు తీసింది. "ఇంత భోజనమా! షుగర్ ఇంజెక్షన్ డోసు పెంచాలని డాక్టరు గారికి రాస్తాను."

"తక్కువ తినే మనిషికి ఆ డోసు పడితే?" అన్నాను.

"కళ్లు తిరిగి పడిపోతారు. ప్రాణానికే ముప్పు."

పడవ మీద, నడిసముద్రంలో మునెయ్య గారు పడిపోతున్నట్టే అనిపించింది.

"మేడమ్, అది నా తిండి. నేనే దొంగరాత రాశాను."

ఆవిడ పెట్టిన చీవాట్లు నాకు గుర్తు లేవు. నాగులమ్మ చూసిన చూపు మాత్రం గుర్తుంది. మైపాడు బస్సులో ఆమె నా వైపు తిరగలేదు.

మర్నాడు సొసైటీ గుమ్మంలో నిలబడింది.

"నాయన రమ్మంటుండాడు."

"కొట్టడానికా?"

"నేనైతే కొట్టేదాన్నే! రాయించింది తనేనని నాయన రాత్రి ఒప్పుకున్నాడు. ఆ బేరానికి మీరెందుకు ఒప్పుకున్నారు?"

"నిన్ను రోజూ చూడాలని."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. కోపం మాత్రం తగ్గలేదు. "ఆ మాట నాతో చెప్పుంటే పొయ్యేది గదా! నాయన ప్రాణం మీదికి తేవాల్నా?"

"చెప్తే ఏమనేదానివి?"

"ముందు నడవండి," అంటూ ముఖం తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికే తిప్పుకుంది.

మునెయ్య గారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "పుస్తకం తియ్యి అబ్బయ్యా. పొద్దున సద్దన్నం, పిడికెడు. పడవ కాడ బెల్లం ముక్క."

"బెల్లమా!" అని లోపలి నుంచి కేక.

"మరి దిష్టి...?" అన్నాను.

"నా ప్రాణం కోసం అంతమందిలో తప్పు నీ మీదేసుకున్నావు. రోజూ ఎవరి కోసం వస్తుండావో నాకు తెలీదా? బయటోళ్లకి చెప్తేనే దిష్టి. అల్లుడికి చెప్తే ఏం తగులుద్ది? రాసుకో."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను రాసుకున్నాను. తేదీ వేయడం మరిచిపోయాను.