రూబార్బ్ ఆకుల పచ్చడి

పెరట్లోకి అడుగుపెట్టి అక్కడే కొయ్యబారిపోయాను. మూడు రూబార్బ్ మొక్కల మీదా ఒక్క ఆకు లేదు. ఎర్రటి కాడలు మాత్రం బోడిగా నిలబడి ఉన్నాయి.

ఆ మొక్కలు నావి కావు, నా ఫ్రెండ్ దేదీప్యవి. ఆమె ఉండేది అపార్ట్‌మెంట్‌లో. అందుకని కిందటేడు మార్చిలో దుంపలు తెచ్చి, ఎడిసన్‌లో మా ఇంటి వెనక నాటింది.

"ఫస్ట్ ఇయర్ ఒక్క కాడ కూడా పీకకు హర్షిత్. వేరు బలపడాలి. ఇంకోటి, ఆకులు విషం. తినేది కాడలే," అని వేలు చూపించి మరీ చెప్పింది.

నేను ఎండాకాలమంతా నీళ్లు పోశాను. పూల కాడ వస్తే కోసేశాను. అక్టోబర్‌లో ధైర్యం చేసి, నువ్వంటే ఇష్టమని కూడా చెప్పేశాను.

"మొదటి కాడ తెంపిన రోజు ఆన్సర్ చెప్తా. నీకు ఓపికుందో లేదో చూడాలిగా!" అంది నవ్వుతూ.

చలికాలం వాటికి ఎండుటాకులు కప్పి, మంచు కరిగాక తీసి, చిగురు కనబడగానే ఫొటో పంపాను. ఇదిగో, మే నెల వచ్చింది. ఈ రోజే ఆ రోజు. దేదీప్య దారిలో ఉంది.

"అమ్మా! ఈ మొక్కల ఆకులేవి?"

గుంటూరు నుంచి వచ్చి వారమైన మా అమ్మ గిరిజ, వంటింట్లోంచి గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఎర్రకాడ, పుల్లటి ఆకు! పెరట్లో ఇంత గోంగూర పెట్టుకుని, ఓక్ ట్రీ రోడ్డు ఇండియన్ షాపుల్లో వాడిపోయిన కట్టలు కొంటావేంట్రా? ఆకు కాస్త మొరటే గానీ, ఎండుమిర్చి వేసి నూరేశా. పొద్దున ఇడ్లీలోకి మారు వేయించుకున్నావుగా!"

ఆకులు విషమని నాకు తెలుసు. అమ్మకి చెప్పాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

"నువ్వు తిన్నావా?"

"ఇవాళ ఏకాదశి కదరా. ఏం?"

అప్పుడే పక్క గేటు తెరుచుకుని దేదీప్య వచ్చింది. మొక్కల్ని చూసింది, గిన్నెను చూసింది, నన్ను చూసింది. చేతిలోని కారు తాళాలు జారిపోయాయి.

"ఎవరు తిన్నారు?"

"నేనే... రెండు స్పూన్లు."

"అది విషం ఆంటీ!"

"అయ్యో, నా చేత్తో నేనే పెట్టానే!" అమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

దేదీప్య అప్పటికే పాయిజన్ కంట్రోల్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఎంత తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు, గొంతు మండుతోందా, వాంతి అయిందా? అన్నిటికీ నన్ను అడిగి తనే సమాధానం చెప్పింది.

"కంగారు పడకండి. పాలో నీళ్లో తాగించి, కనిపెట్టి చూడండి. వాంతులైతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మీరు అతనికి ఏమవుతారు?" అంది అవతలి ఆవిడ.

"ఫియాన్సేని."

అన్న మాటకి దేదీప్యే అందరికంటే ముందు అదిరిపడింది. అమ్మ ఏడుపు టక్కున ఆగింది.

"నిజమేనా తల్లీ?"

"నిజమే ఆంటీ. ముందు పాలు తెండి!"

అమ్మ కళ్లు తుడుచుకుంటూ, దేదీప్య తల నిమిరి లోపలికి పరుగెత్తింది.

"పేషెంట్‌కి ఇప్పుడెలా ఉంది?" ఫోన్‌లో మళ్లీ ప్రశ్న.

దేదీప్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నా ముఖంలోకి అనుమానంగా చూసింది.

"పిచ్చివాడిలా నవ్వుతున్నాడు మేడమ్. అది కూడా సింప్టమేనా?"