అన్నీ ఎడమకే

తేలికైన వస్తువు గట్టిగా ఎలా ఉంటుంది? ఈ సందేహం నాకు ఎన్నో ఏళ్లుగా ఉంది. బరువునూ బలాన్నీ దేవుడు ఒకేచోట పెట్టాడని నమ్మినవాణ్ణి. ఏజెంట్ రాజలింగు మిషన్ సంగతి విన్నాక కొంచెం తగ్గాను.

చీఫ్ బ్రీఫింగ్ చిన్నది.

"టైటానియం తేలిక, కానీ రాపిడికి అరుగుతుంది. సిరామిక్ గట్టిది, కానీ పెళుసు. రెండూ కలిపిన కాంపోజిట్‌తో మన ల్యాబ్ హెలికాప్టర్ ఇంజిన్ బ్లేడ్లు చేసింది. విదేశీ ముఠా ఒక పెట్టె కొట్టేసింది. ఒక్క బ్లేడు దేశం దాటినా కోసి చూసి గుట్టు లాగేస్తారు. సరుకు ఎల్లారెడ్డిలో ఉంది. అక్కడ మన సాయిశ్రీ కలుస్తుంది."

రాజలింగు భుజాన తువ్వాలతో రైతు వేషంలో ట్రాక్టర్ సామాన్ల గోదాం చేరాడు. వేలి ఉంగరంలో రాయికి బదులు అయస్కాంతం. ఎదుటి చాయ్ హోటల్లో మఫ్టీ పోలీసులు. వాకిట్లో పనిముట్లు నూరే సానరాయి తిరుగుతోంది, పక్కన లారీ ఇంజిన్ ఆన్‌లో ఉంది. కూలింగ్ గ్లాసులతో సాయిశ్రీ ఎదురొచ్చింది.

"బీర్కూర్ల వాన పడ్డదా అక్కా?"

"నస్రుల్లాబాద్ దాక వచ్చి ఆగింది." కోడ్ సరిపోయింది. "ఈడ ఏం లేదన్నా. అన్నీ దుక్కి దున్నే రొటవేటర్ బ్లేడ్లే. కామారెడ్డిల చూడు."

రాజలింగు లారీలోంచి ఎర్రరంగు పూసిన బ్లేడు తీశాడు. దూదిలా లేచింది. ఉంగరం అంటుకోలేదు, అంటే ఇనుము కాదు.

"అన్నీ ఎడమకే వంగినయేంది? కుడివి ఏవి?"

"బ్లేడుకు ఎడమ కుడి ఉంటదా?" ఆమె నవ్వింది. "రైతు వేషం ఎయ్యంగనే రైతువైతవా?"

రొటవేటర్‌కు సగం బ్లేడ్లు ఎడమకు, సగం కుడికి వంగుతాయి. ఇంజిన్ బ్లేడ్లన్నీ ఒకే వైపు. శాటిలైట్లు కొన్న ముఠాలో ఒక్కడూ పొలం గట్టు ఎక్కలేదు. రైతుకేం తెలుసనుకునే వాళ్ల తెలివి అంతే!

"గిట్లనే దుక్కి దున్నితే ట్రాక్టర్ పక్కకు పోతది తల్లీ!"

ఆమె చేతిలోకి పిస్తోలు వచ్చింది. "డ్రైవర్, పోనియ్!"

లారీ కదిలింది. రాజలింగు పక్కనే తిరుగుతున్న సానరాయికి బ్లేడు అదిమాడు. ఇనుమైతే పసుపు రవ్వలు లేస్తాయి. ఇక్కడ కళ్లు చెదిరే తెల్లటి రవ్వలు! మఫ్టీవాళ్లు ఎదురుచూస్తున్న సిగ్నల్ అదే. గేటుకడ్డంగా వాళ్లు తోలిన వడ్ల ట్రాలీ వచ్చి ఆగింది. లారీ బంపర్‌కు జానెడు దూరం. రవ్వలకు సాయిశ్రీ మొహం తిప్పుకోగానే పిస్తోలు రాజలింగు చేతికొచ్చింది.

సానరాయి గుంటపడింది. బ్లేడుకు సన్నగీత పడి రంగు పోయింది, అంతే. నా సందేహమూ దాంతోపాటే.

రాజలింగు జేబులోంచి బేడీలు తీశాడు.

"ట్రైనింగ్‌ల ఇవి నాకేసి, తాళంచెవి పారేసి, పొద్దంతా నవ్వినవ్, యాదికుందా?" అంటూ ఆమె చేతులకు తగిలించాడు. "అప్పటి సంది బాకీ ఉన్న. ఇగ తీరింది."